చలికి కారు ఎందుకు కూలబడుతుంది? ఎయిర్ సస్పెన్షన్‌ను డీబగ్ చేద్దాం!

జుక్కల్ నుంచి మీ ముందుకు మళ్లీ వచ్చేశా. ఈరోజు టాపిక్ చెప్పగానే మా ఇంట్లోనే నవ్విండ్రు. "మన దగ్గర ఎండకు నెత్తి మాడుతది, గడ్డకట్టే చలిలో కారు ముచ్చట నీకెందుకురా?" అని. కరెక్టే. జుక్కల్‌లో ఎంత చలి పెట్టినా నీళ్లు గడ్డకట్టవు. కానీ మన ఊర్ల పిల్లలు ఎక్కడున్నరు? డల్లాస్‌లో, చికాగోలో, టొరంటోలో. ఇక్కడ ఉన్నవాళ్లు కూడా డబ్బులు కూడబెట్టి లేహ్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నరు. ఇంకో మాట, మన 161 నంబర్ నేషనల్ హైవే మీద నాందేడ్ దిక్కు రాత్రంతా తిరిగే పెద్ద బస్సులు నడిచేది ఇదే గాలి మీద. కాబట్టి చివరి దాకా వినండి. ఇందులో ఒక్క మాట గుర్తున్నా, ఎప్పుడో ఒకసారి మీ డబ్బులు మిగులుతాయి. ప్రాణం కూడా మిగలొచ్చు.

ముందు కథ చెప్తా, తర్వాత టెక్నికల్‌లోకి పోదాం.

ఆరోజు ఏం జరిగింది?

2021 ఫిబ్రవరి 16. కరోనా టైం. నేను అప్పుడు సాఫ్ట్‌వేర్ జాబ్‌లో కొత్త, ఇంటి నుంచే పని. నెట్ సరిగా రాక మేడ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నా. సాయంత్రం ఆరున్నరకు మా మేనబావ వీడియో కాల్ చేసిండు. ఆయన ఉండేది డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో. అక్కడ పొద్దున ఏడు. స్క్రీన్ మీద చూస్తే బావ నోట్లోంచి పొగలు వస్తున్నాయి. ఉన్నది ఇంట్లోనే!

మీకు గుర్తుందో లేదో, ఆ వారం టెక్సాస్ మొత్తం మంచు తుఫానులో ఇరుక్కుపోయింది. రాష్ట్రమంతా 45 లక్షల పైచిలుకు ఇండ్లకు, షాపులకు కరెంటు పోయింది. ఆ పొద్దున డల్లాస్‌లో మైనస్ 19 డిగ్రీలు. మామూలుగా అది మనలాగే ఎండలు కాసే ఊరు. అక్కడి ఇండ్లు, పైపులు, కార్లు ఏవీ ఆ చలికి రెడీగా లేవు.

బావ ఇంట్లో ముందురోజు నుంచి కరెంటు లేదు. చిన్న పాప ఉంది. పది కిలోమీటర్ల దూరంలో ఒక ఫ్రెండ్ ఇంట్లో కరెంటు ఉంది, అక్కడికి పోవాలి. గ్యారేజీలోకి పోయి చూస్తే కారు వెనక భాగం నేలకు అతుక్కున్నట్టు కూలబడి ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎయిర్ సస్పెన్షన్ బండి అది. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. స్టార్ట్ చేస్తే కంప్రెసర్ కాసేపు గుర్రుమని ఆగిపోతుంది. డ్యాష్‌బోర్డ్ మీద వార్నింగ్.

బావ చేతిలో ఏముందో తెలుసా? గ్యాస్ పొయ్యి మీద కాచిన వేడినీళ్ల గిన్నె. "కిందికి దూరి వాల్వ్ మీద పోస్తా, నువ్వు గూగుల్ చేసి వాల్వ్ ఎక్కడుంటదో చెప్పు" అంటున్నడు.

నేను చదివింది బీటెక్ కంప్యూటర్ సైన్స్. నాకేం తెలుసు వాల్వ్ గురించి? కానీ మద్నూర్ దిక్కు హైవే మీద లారీలు, బస్సుల ఎయిర్ పనులు చేసే ఒక కాక తెలుసు. నాన్నకు దోస్తు. ఆయన్ను కాల్‌లో కలిపిన. సంగతి చెప్పంగనే కాక అన్న మొదటి మాట: "ముందుగాల ఆయన్ని బండి కిందికి పోనియ్యకు."

తర్వాత మూడే ప్రశ్నలు అడిగిండు.

"ఏ మూల కూలింది?"

"కంప్రెసర్ మోత వస్తుందా?"

"నిలబెట్టిన కాడనే కూలిందా, నడుస్తుంటే కూలిందా?"

బావ చెప్పిండు: వెనక రెండు వైపులా కూలింది, కుడి వైపు ఎక్కువ. మోత వస్తుంది, కానీ బండి లేస్తలేదు. నిలబెట్టిన చోటే, రాత్రికి రాత్రే.

కాక రెండు సెకన్లు ఆగి, "లోపట నీళ్లున్నయ్, గడ్డకట్టినయ్. ఒక కాడ గాలి కూడా పోతుంది. ఇయ్యాల ఆ బండిని ఏం జెయ్యకు, ఆపేసి పెట్టు" అన్నడు.

మైనస్ డిగ్రీల చలిని జన్మలో చూడని మనిషి, మద్నూర్‌లో కూర్చుని, ఇర్వింగ్‌లో ఉన్న కారుకు రోగం చెప్పిండు. ఎట్లా? అది అర్థం కావాలంటే లోపల ఏముందో చూడాలి.

లోపల ఏముంటుంది?

మామూలు బండిలో బరువును మోసేది స్టీలు. కార్లలో కాయిల్ స్ప్రింగ్, లారీల్లో కమాన్ పట్టీలు. ఎయిర్ సస్పెన్షన్‌లో స్టీలు బదులు రబ్బరు సంచిలో బిగించిన గాలి మోస్తుంది. మన మెకానిక్కులు దాన్ని బెల్లో అంటారు. 2001లో వోల్వో బీ7ఆర్ బస్సు మన దేశానికి వచ్చినప్పటి నుంచి "కుదుపు లేని బస్సు" అంటే జనానికి ఇదే గుర్తు.

దీనికి ఐదు ముక్కలు కావాలి. గాలిని నొక్కే కంప్రెసర్. ఆ గాలిలోని తేమను పీల్చే డ్రైయర్. ఏ మూలకు ఎంత గాలి పోవాలో పంచే వాల్వ్ బ్లాక్. గాలి పోయే సన్నటి పైపులు. బండి ఎంత ఎత్తులో ఉందో చూసే హైట్ సెన్సర్. బస్సుల్లో సెన్సర్ బదులు చాలావాటికి ఒక కడ్డీతో పనిచేసే లెవలింగ్ వాల్వ్ ఉంటుంది.

వీటిలో అసలు హీరో డ్రైయర్. కొత్త షూస్ డబ్బాలో చిన్న ప్యాకెట్ వస్తుంది కదా, లోపల గుండ్లు ఉంటాయి. అలాంటి గుండ్లే ఇందులోనూ ఉంటాయి. గాలి లోపలికి పోయేటప్పుడు తేమను పీలుస్తాయి. గాలి బయటికి వచ్చేటప్పుడు, ఆ పొడి గాలి వాటి మీదుగా పోయి వాటిని మళ్లీ ఆరబెడుతుంది. బస్సు ఆగినప్పుడు 'టుస్స్' మని సౌండ్ వస్తుంది చూడండి, కొన్నిసార్లు అది డ్రైయర్ తేమను బయటికి ఊదే చప్పుడే.

మరి అంత తేమ ఎక్కడిది? మనం పీల్చే గాలిలోదే. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 0 డిగ్రీలకు వస్తే 5 గ్రాములే. మిగతాది నీళ్లైపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన బాటిల్‌కు చెమట పట్టినట్టే. దానికితోడు కంప్రెసర్ ఎనిమిది డబ్బాల గాలిని ఒక్క డబ్బాలో కుక్కుతుంది. ఎనిమిది డబ్బాల తేమ కూడా అదే డబ్బాలోకి వస్తుంది. డ్రైయర్ పాతబడితే ఆ నీళ్లు నేరుగా వాల్వ్‌లోకి, పైపుల్లోకి పోతాయి.

అంటే ఫిబ్రవరిలో గడ్డకట్టిన నీళ్లు ఫిబ్రవరిలో వచ్చినవి కావు. ఎండాకాలంలో, వానల్లో కొద్దికొద్దిగా చేరినవే. చలి వచ్చి వాటిని పట్టిచ్చింది, అంతే.

చలి ఏమేం చేస్తుంది?

ఒకటి, గాలి ముడుచుకుంటుంది. 25 డిగ్రీల నుంచి మైనస్ 19కి దిగితే గాలి పరిమాణం దాదాపు 15 శాతం తగ్గుతుంది. ఇక్కడ ఇంట్రెస్టింగ్ పాయింట్ ఉంది. టైరు సైజు పెద్దగా మారదు కాబట్టి దానిలో ప్రెషర్ పడిపోతుంది: 32 పీఎస్ఐ ఉన్నది 25 దగ్గరికి వస్తుంది. కానీ బెల్లో మీద బండి బరువు అట్లనే కూర్చుని ఉంది. అందుకే అక్కడ ప్రెషర్ దాదాపు అంతే ఉండి, ఎత్తు తగ్గుతుంది. గాలి 20 సెంటీమీటర్ల నిలువు గొట్టంలో ఉందనుకోండి, 3 సెంటీమీటర్లు దిగుతుంది. కాబట్టి పొద్దున నాలుగు మూలలూ సమానంగా కొంచెం దిగి, స్టార్ట్ చేయగానే లేస్తే భయపడకండి. అది రోగం కాదు, ఫిజిక్స్.

రెండు, రబ్బరు గట్టిపడుతుంది. పైపు జాయింట్లలో ఉండే ఓ-రింగులు ముడుచుకుంటాయి. ఎండాకాలంలో గాలి పోనివ్వని జాయింట్, చలిలో సన్నగా వదులుతుంది.

మూడు, ఇప్పుడే చెప్పుకున్నాం, నీళ్లు గడ్డకట్టి దారి మూసేస్తాయి. కొన్నిసార్లు ఉల్టా కూడా జరుగుతుంది. గాలి బయటికి పోయే దారి మూసుకుపోతే, లేచిన బండి దిగదు.

నాలుగు, బ్యాటరీ. మైనస్ 18 దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ సత్తా దాదాపు సగానికి పడిపోతుంది. కంప్రెసర్‌కేమో కరెంటు బాగా కావాలి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు!

ఇవి కాక సెన్సర్ కడ్డీ మీద, బెల్లో మడతల్లో మంచు గట్టిగా పట్టుకుని ఉండటం కూడా ఉంటుంది. దాన్ని కళ్లతోనే చూడొచ్చు.

కాక అడిగిన మూడు ప్రశ్నలు

సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే మేం ఏం చేస్తాం? కోడ్ మొత్తం మార్చేయం. ముందు ఏ మాడ్యూల్‌లో ఉందో విడదీస్తాం. కాక అడిగింది కూడా అదే.

ఏ మూల కూలింది? ఒక్క మూలే అయితే ఆ బెల్లో, దాని పైపు, దాని వాల్వ్ మీద డౌట్. నాలుగు మూలలూ లేవట్లేదంటే అందరికీ కామన్‌గా ఉన్నదాని మీద డౌట్: కంప్రెసర్, డ్రైయర్, కరెంటు. బావ బండిలో రెండూ కలిశాయి. వెనక మొత్తం లేవట్లేదు, అందులోనూ కుడి వైపు ఎక్కువ దిగింది. అందుకే కాక రెండు రోగాలు చెప్పిండు.

మోత వస్తుందా? అసలు మోతే లేకపోతే ముందు బ్యాటరీ, ఫ్యూజు, రిలే చూడాలి. ఇంకోటి, వేడెక్కిన కంప్రెసర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ తిరుగుతుంది. మోత వచ్చి కూడా బండి లేవకపోతే గాలి ఎక్కడో పోతుందన్నా కావాలి, దారి మూసుకుపోయిందన్నా కావాలి.

ఎప్పుడు కూలింది? రాత్రంతా నిలబెడితే కూలింది అంటే సన్నటి లీక్. నడుస్తుంటే ఒక్కసారి కూలిందంటే బెల్లో పగిలిందేమో, పైపు ఊడిందేమో చూడాలి.

దీనికి స్కానర్ కూడా అక్కర్లేదు. ఒక టేపు చాలు. చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు వైపులా రాత్రి కొలిచి ఫోన్‌లో రాసుకోండి. పొద్దున స్టార్ట్ చేయకముందు మళ్లీ కొలవండి. ఏ మూల ఎంత దిగిందో మీకే తెలుస్తుంది. మెకానిక్ దగ్గరికి పోయినప్పుడు ఆ నంబర్లు చూపిస్తే, మాట తీరే మారిపోతుంది.

లీక్ ఎక్కడుందో పట్టడానికి మన సైకిల్ పంక్చర్ టెక్నిక్కే: సబ్బు నీళ్లు. జాయింట్ల మీద రాస్తే బుడగ లేస్తుంది. కానీ గడ్డకట్టే చలిలో సబ్బు నీళ్లే గడ్డకడతాయి, అందుకే వేడి ఉన్న గ్యారేజీలో చేయించాలి. ఇంకో చిక్కు, చలిలోనే లీకయ్యే ఓ-రింగు వేడిలో మంచి పిల్లాడిలా ఉంటుంది. బండి చల్లగా ఉండగానే, షాపులోకి రాగానే చేస్తే దొరికే ఛాన్స్ ఎక్కువ.

అస్సలు చేయకూడనివి

ఇది సీరియస్. దయచేసి స్కిప్ చేయకండి.

గాలి మీద నిలబడ్డ బండి కిందికి ఎప్పుడూ దూరొద్దు. గడ్డకట్టిన వాల్వ్ ఒక్కసారి వదిలితే రెండు టన్నుల బండి మీద పడుతుంది. జాక్ పెట్టాలన్నా ముందు మాన్యువల్ చూసి, సస్పెన్షన్‌ను జాక్ మోడ్‌లో పెట్టాలి లేదా ఆఫ్ చేయాలి. ఆ తర్వాత గట్టి స్టాండ్లు.

వేడినీళ్లు పోయొద్దు. పోసిన నీళ్లు పది నిమిషాల్లో మళ్లీ మంచుగడ్డ. ఉన్న మంచుకు ఇంకొంచెం కలిపినట్టే. లైటర్లు, మంటలు అసలే వద్దు. పైపులు ప్లాస్టిక్, బెల్లోలు రబ్బరు.

గ్యారేజీ షట్టర్ మూసి, ఇంజన్ ఆన్ చేసి వేడి చేద్దాం అనుకోవద్దు. టెక్సాస్‌లో ఆ వారమే కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఆ గ్యాస్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు.

లేవట్లేదు కదా అని స్విచ్ మళ్లీ మళ్లీ నొక్కొద్దు. దారి మూసుకున్నప్పుడు కంప్రెసర్ తిరిగితే అది కాలిపోతుంది. పూర్తిగా కూలిన బండిని రోడ్డెక్కించొద్దు, టైరు బాడీకి రాసుకుంటుంది. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని పైపుల్లో ఆల్కహాల్, డీజిల్ లాంటివి పోయొద్దు. సీల్స్, డ్రైయర్ పాడైతే ఖర్చు డబుల్.

మరి ఏం చేయాలి? మెత్తటి బ్రష్‌తో పైపై మంచు తీసేయండి. వీలైతే వేడి ఉన్న పార్కింగ్‌లోకి లాగించి కొన్ని గంటలు వదిలేయండి. అంతే.

బావ బండి ఏమైంది?

ఆ పొద్దున బావ ఫ్రెండే మెల్లగా డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, పాపను, అక్కను, బావను తీసుకుపోయిండు. కారు గ్యారేజీలోనే ఉండిపోయింది.

వారం చివరకు ఎండ వచ్చింది. బావ పోయి స్టార్ట్ చేస్తే బండి తనంతట తనే లేచింది! మళ్లీ వీడియో కాల్. "సెట్ అయిందిరా, మీ కాకకు చెప్పు." చెప్పిన. కాక నవ్విండు. "కరిగినయ్ సరే, నీళ్లు యాడికి పోయినయ్?"

ఈ ఒక్క మాట నా జాబ్‌లో ఏ సీనియర్ కూడా అంత బాగా చెప్పలేదు. ఎర్రర్ కనిపించట్లేదంటే బగ్ పోయినట్టు కాదు.

బావ ఒక షాపుకు తీసుకుపోతే కంప్రెసర్, వెనక రెండు బెల్లోలు మార్చాలని వేల డాలర్ల కొటేషన్ ఇచ్చారు. కాక చెప్పించిన ప్రకారం బావ ఒక్కటే అడిగిండు: "ముందు లీక్ టెస్ట్ చేయండి, తర్వాత కంప్రెసర్ ఒక్కదాన్ని ప్రెషర్ టెస్ట్ చేయండి." వాళ్లు ఒప్పుకోలేదు. ఇంకో షాపుకు పోయిండు. అక్కడ తేలింది: కుడి వెనక బెల్లో జాయింట్‌లో ఒక ఓ-రింగు పోయింది. డ్రైయర్ నీళ్లు తాగి తాగి పని మానేసింది. కంప్రెసర్ బాగానే ఉంది.

ఇప్పుడు గొలుసు చూడండి. చిన్న ఓ-రింగు లీక్. లీక్ వల్ల కంప్రెసర్ ఎక్కువసార్లు తిరిగింది. తిరిగిన ప్రతిసారీ బయటి తడి గాలి లోపలికి వచ్చింది. పొడి గాలి లీక్ దగ్గరే పోయింది కాబట్టి డ్రైయర్ మీదుగా వెనక్కి రాలేదు, డ్రైయర్ ఆరలేదు. తేమ వాల్వ్‌లోకి పోయింది. చలి రాగానే గడ్డకట్టింది. ఆ ఓ-రింగు వదిలేసి కొత్త కంప్రెసర్ పెడితే? చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. వచ్చే చలికాలం మళ్లీ అదే కథ.

అందుకే ఈ ఎపిసోడ్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన మాట: ముందు లీక్ పట్టు, తర్వాత డ్రైయర్ చూడు, చివరకే కంప్రెసర్.

మన దగ్గర దీనితో ఏం పని?

కాకకు ఇదంతా ఎట్లా తెలుసంటే, లారీల్లో, బస్సుల్లో బ్రేకులు పనిచేసేది కూడా గాలితోనే. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బస్సులో రెండింటికీ గాలి ఒకే కంప్రెసర్ నుంచి వస్తుంది. ముందు బ్రేకులకు, తర్వాతే సస్పెన్షన్‌కు పోయేలా వాల్వ్‌లు ఉంటాయి. కాబట్టి నీళ్లు చేరితే కుదుపులతో ఆగదు, బ్రేకు దాకా పోతుంది.

మన దగ్గర ఆ నీళ్లు గడ్డకట్టవు. కానీ ట్యాంకు లోపల తుప్పు పట్టిస్తాయి, వాల్వ్‌లను ఇరికిస్తాయి. అందుకే పాత డ్రైవర్లు పొద్దున్నే బండి కింద ఎయిర్ ట్యాంకు దగ్గర చిన్న రింగు లాగుతారు. టుస్స్‌మని నీళ్లు పడతాయి. నీళ్లతో పాటు నూనె లేదా తెల్లటి జిగట వస్తే కంప్రెసర్ రింగులు అరిగాయేమో చూపించుకోవాలి. రెండు నిమిషాల పని. పత్తి లోడుతో మద్నూర్ నుంచి బయలుదేరే బండైనా, వానాకాలం మన గాలిలోని తేమను ట్యాంకులో మోసుకుంటూ కాశ్మీర్ పోయే బండైనా, ఆ రెండు నిమిషాలు పెట్టకపోతే ఘాట్ రోడ్డు మీద లెక్క తేలుతుంది.

లేహ్ పోయే తమ్ముళ్లకు ఒక మాట. 17 వేల అడుగుల ఎత్తు దాటే ఖర్దుంగ్ లా లాంటి చోట గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో దాదాపు సగమే. కంప్రెసర్‌కు అదే పని చేయడానికి ఎక్కువ టైం పడుతుంది. మీరు తీసుకుపోయేది ఎయిర్ సస్పెన్షన్ బండైతే, బయలుదేరే ముందే లీక్ టెస్ట్, డ్రైయర్, బ్యాటరీ, ఈ మూడు చూపించుకోండి. అక్కడికి పోయాక పైకి కిందికి ఆడించే షోలు వద్దు.

విదేశాల్లో ఉన్న అన్నలు, అక్కలు, అక్టోబరులోనే ఈ మూడు చేయించండి. చలి మొదలయ్యాక షాపుల్లో లైన్ ఉంటుంది.

కాక ఇప్పటికీ అదే హైవే మీద పని చేస్తున్నడు. బావ ఇండియా వచ్చినప్పుడు ఆయనకు ఒక మంచి టార్చ్‌లైట్ తెచ్చిచ్చిండు. దాన్ని పట్టుకుని కాక అన్నది: "బాగుంది. కానీ నేను లీకు పట్టేది చెవితోని."

ఈరోజుకు ఇంతే. ఈ వీడియోను డల్లాస్‌లో, టొరంటోలో ఉన్న మీ వాళ్లకు వాట్సాప్ చేయండి. మీ బండి ఏ మూల కూలింది, మోత వస్తుందా, ఎప్పుడు కూలింది, ఈ మూడూ రాసి పంపండి, కాకను అడిగి చెప్తా. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటా మరి!